ప్రోగ్రెసివ్ అద్దాలు: తల కుడివైపు తిప్పితేనే అక్షరాలు కుదురుతున్నాయి. లోపం నాదా, అద్దాలదా?

లెక్కల_టీచర్ (తెనాలి) · జూన్ 22, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నాకు 47 ఏళ్లు, హైస్కూల్లో లెక్కలు చెబుతాను. దూరం చూపుకి ఇంటర్ రోజుల నుంచే అద్దాలున్నాయి. రెండేళ్లుగా వాటిని నుదుటి మీదికి తోసి పేపర్లు దిద్దుతున్నాను. వేసవి సెలవుల్లో పరీక్ష చేయించుకుంటే చత్వారం వచ్చేసింది, ప్రోగ్రెసివ్ (గీత లేకుండా దూరం, దగ్గర చూపు ఒకే అద్దంలో ఉండేవి) వేయించుకోండి అన్నారు. కుడి −1.25, ఎడమ −1.50, రెండిటికీ యాడ్, అంటే దగ్గర చూపుకి అదనంగా కలిపే పవర్, +1.75. ఫ్రేముతో కలిపి 13,800 అయింది.

పంతొమ్మిది రోజులైంది. నల్లబల్ల బాగానే కనిపిస్తోంది. హాజరు పట్టీ దగ్గరే వస్తోంది తంటా. గడ్డం ఎత్తినా అక్షరాలు పూర్తిగా తేలవు, వేలితో అద్దాలు పైకి నెట్టి పట్టుకుంటే మాత్రం చక్కగా ఉంటాయి. ఇంకో వింత, తల కొంచెం కుడివైపు తిప్పి ఓరగా చూస్తే ఇంకా స్పష్టంగా ఉంటుంది. స్టాఫ్ రూములో ఒకావిడ "ఎవరి మీద అలిగావు, అలా పెడగా కూర్చున్నావ్?" అని అడిగింది కూడా. మెట్లు దిగేటప్పుడు చివరి రెండు మెట్లు నీళ్లలో ఉన్నట్టు ఊగుతున్నాయి.

షాపుకి వెళ్తే "అలవాటవుతుంది మేడమ్, నెల ఆగండి" అంటున్నారు. ఎంతవరకు అలవాటు, ఎక్కడి నుంచి లోపం? ఎవరైనా చెప్పగలరా?

---

రిటైర్డ్_క్యాషియర్ (రాజమండ్రి) · జూన్ 22, రాత్రి 10:15

అమ్మాయ్, 13,800 పెట్టి తల తిప్పుకునే జబ్బు కొనుక్కున్నావు. నాకు 69. ఇరవై ఆరేళ్లుగా బైఫోకలే. మొదట క్రిప్టాక్ (కింద గుండ్రటి ముక్క ఉండేది), తర్వాత డి (ఆ ముక్క డి అక్షరం ఆకారంలో ఉండేది). నోట్ల కట్టలు లెక్కపెట్టాను, కౌంటర్ అవతల మనిషి మొహం చూశాను, ఒక్క రోజు తల తిరగలేదు. పైన దూరం, కింద దగ్గర, మధ్యన గీత. అంతే. ఆ గీత కనిపిస్తే వయసు తెలుస్తుందని సిగ్గుపడి జనం ఈ నిన్న మొన్నటి ఫ్యాషన్ల వెంట పడుతున్నారు.

---

ప్లానో_ప్రసాద్ (టెక్సస్) · జూన్ 22, రాత్రి 11:52

టీచర్ గారూ, నాదీ ఇదే కథ. ఆన్‌లైన్లో అరవై డాలర్లకి ప్రోగ్రెసివ్ తెప్పించుకున్నాను. ఆఫీసులో రెండు మానిటర్లు. ఎడమ మానిటర్ చూడాలంటే కుర్చీతో సహా తిరగాలి. నెల తర్వాత అవి కారు డ్యాష్‌బోర్డులోకి, అక్కణ్ణుంచి చెత్తబుట్టలోకి వెళ్లాయి. మీరు వదిలెయ్యకండి, నాకన్నా రెండింతల పైనే పెట్టారు కదా, అడగండి.

---

అద్దాల_అన్న (బెజవాడ) · జూన్ 23, ఉదయం 7:05

మేడమ్, నేను ఇరవై రెండేళ్లుగా ఇదే పనిలో ఉన్నాను, అద్దం కొయ్యడం, ఫ్రేములో బిగించడం. మీరు రాసిన దాంట్లో మెట్ల సంగతి అలవాటు కిందికే వస్తుంది. మిగతా రెండూ రావు. వేలితో పైకి నెడితే బాగుంటుందన్నారే, తల కుడివైపు తిప్పితే బాగుంటుందన్నారే, ఆ రెండు మాటలు చాలు నాకు. కళ్లు అలవాటు పడకపోతే ఎటు తిప్పినా చిరాకుగానే ఉంటుంది. ఒక పక్కకే తిప్పితే బాగున్నదంటే కొలత తప్పింది.

నాలుగు సంగతులు చెప్పండి:
చెమటకి ఫ్రేము ముక్కు మీదినుంచి జారుతోందా?
కనుపాపల దూరం ఎలా కొలిచారు, ఒక్క అంకె రాశారా, రెండు కళ్లకీ విడివిడిగా రాశారా?
ఫ్రేము మీ మొహానికి పెట్టి, లోపలి డమ్మీ అద్దం మీద పెన్నుతో చుక్క పెట్టారా?
ఫ్రేము ఎత్తు ఎంత, సన్నదా?

---

లెక్కల_టీచర్ · జూన్ 23, సాయంత్రం 5:20

జారడం లేదండీ, ముక్కు ప్యాడ్లు గట్టిగానే ఉన్నాయి. స్కేలు పెట్టి కొలిచి చీటీ మీద 62 అని రాశారు, ఒక్క అంకే. చుక్కలు పెట్టలేదు. ఫ్రేము సన్నదే, నేనే ముచ్చటపడి తీసుకున్నాను. "దీనికి ప్రోగ్రెసివ్ వస్తుందా?" అని అడిగాను కూడా, "అన్నిటికీ వస్తుంది" అన్నారు.

---

అద్దాల_అన్న · జూన్ 23, సాయంత్రం 6:10

అన్నిటికీ వస్తుంది మేడమ్, చొక్కా అందరికీ పట్టినట్టు!

చుక్క పెట్టకుండా ప్రోగ్రెసివ్ కొయ్యడమంటే కొలతలు తీసుకోకుండా జాకెట్టు కుట్టడమే. మామూలు అద్దంలో ఎక్కడినుంచి చూసినా పవర్ ఒకటే కాబట్టి, మీలాంటి తక్కువ పవర్ కి రెండు మిల్లీమీటర్లు అటూ ఇటూ అయినా కన్ను సర్దుకుంటుంది. ప్రోగ్రెసివ్ లో పైన దూరం, కిందికి పోయేకొద్దీ పవర్ పెరుగుతూ మధ్య దూరం, అడుగున దగ్గర చూపు. ఈ మూడింటినీ కలిపే సన్న దారిని మేం కారిడార్ అంటాం. ఆ దారి సరిగ్గా మీ కనుపాప ముందు మొదలవ్వాలి. రెండు కళ్లూ ముక్కుకి సమాన దూరంలో ఉండేవాళ్లు నా అనుభవంలో తక్కువే. 62ని సగం చేసి 31, 31 అని పెట్టేస్తే ఒక్కోసారి తగులుతుంది, ఒక్కోసారి తగలదు.

మీరే ఇంట్లో చూసుకోవచ్చు. అద్దాల మీద ఆవిరి ఊది, దీపం వెలుతురుకి అడ్డంగా పట్టి, వెనక నల్లగుడ్డ పెట్టుకుని ఓపిగ్గా వెతకండి. ఒక్కో అద్దం మీద రెండు చిన్న గుర్తులు లేజరుతో చెక్కి ఉంటాయి, సున్నాలో, కంపెనీ బొమ్మలో. రెండిటి మధ్య 34 మిల్లీమీటర్లు. చెవి వైపు గుర్తు కింద మీ యాడ్ అంకె ఉంటుంది. ముక్కు వైపు గుర్తు కింద అద్దం రకం సంకేతం ఉంటుంది. రెండు గుర్తుల మీదా స్కెచ్ పెన్నుతో చుక్కలు పెట్టి సరిగ్గా మధ్య బిందువు తీయండి. అక్కడినుంచి పైకి, చాలా డిజైన్లలో 4 మిల్లీమీటర్లు పోతే ఫిట్టింగ్ క్రాస్, అంటే కనుపాపకి ఎదురుగా రావాల్సిన చోటు, వస్తుంది. ఆ సంకేతం నాకు రాస్తే మీ రకానికి ఎంతో చార్టులో చూసి చెబుతాను. ఆ క్రాస్ మీద ఒక చుక్క పెట్టి, అద్దాలు పెట్టుకుని నిటారుగా నిలబడి దూరంగా చూడండి. ఎవరినైనా మీ కళ్ల ఎత్తులోనే ఫోను పట్టి ఫోటో తీయమనండి. చుక్క కనుపాప నడిమధ్య పడాలి. తర్వాత స్పిరిట్ తో తుడిచేయొచ్చు. నెయిల్ పాలిష్ తుడిచే ద్రావకం మాత్రం వాడకండి, పాలీకార్బొనేట్ అద్దమైతే పాడైపోతుంది.

---

ఆప్టో_అమ్మాయి (హైదరాబాద్) · జూన్ 23, రాత్రి 8:30

అన్న చెప్పింది అక్షరాలా నిజం. నేను ఆప్టోమెట్రిస్టుని, రోజుకి కనీసం ఇద్దరు ఈ ఫిర్యాదుతో వస్తారు.

క్యాషియర్ గారూ, ప్రోగ్రెసివ్ నిన్న మొన్నటిది కాదండీ. ఓవెన్ ఏవ్స్ అనే ఆయన 1907లోనే పేటెంటు తీసుకున్నాడు. ఫ్రాన్స్ లో బెర్నార్డ్ మెత్నాజ్ రూపొందించిన వారిలక్స్ 1959లో అమ్మకానికి వచ్చింది. మీ బైఫోకల్ కి మాత్రం ఇంకా పెద్ద వంశమే ఉంది, బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1784లో రాసిన ఉత్తరంలో తన జోడు అద్దాల గురించి చెప్పుకున్నాడు.

టీచర్ గారు లెక్కలు కాబట్టి ఇది చెప్పాలనిపించింది. ఈ అద్దాల పక్క భాగాలు మసకగా ఉండటం తయారీ లోపం కాదు, అందులో ఒక గణిత నియమం ఉంది. 1963లో మింక్విట్జ్ అనే జర్మన్ రుజువు చేశాడు. కారిడార్ లో కిందికి పవర్ ఎంత వేగంగా పెరుగుతుందో, దాని పక్కలకి దానికి రెట్టింపు వేగంతో సిలిండర్ మసక (ఒక దిక్కుకి సాగినట్టు కనిపించే మసక) పెరుగుతుంది. ఖరీదైన అద్దం ఆ మసకని పారబొయ్యలేదు. దాన్ని ఎక్కడికి నెట్టాలో, ఎలా పరచాలో మాత్రం చూసుకుంటుంది. ముగ్గుపిండి చేతిలో ఎంత ఉందో అంతే, సన్నగా పోస్తావా, గుట్టగా పోస్తావా అన్నదే తేడా. ఫ్రీఫామ్, డిజిటల్ అని అమ్మేవాటిలో ఈ పరిచే పని ఒక్కొక్కరి చీటీకి తగినట్టు చేస్తారు.

---

లెక్కల_టీచర్ · జూన్ 23, రాత్రి 9:55

అబ్బ, ఇది ముందే చెప్పి ఉంటే షాపులో ఇంత గొడవ ఉండేది కాదు! కాగితం మీద వేసి చూశాను. తప్పులుంటే దిద్దండి.

నా యాడ్ 1.75. కారిడార్ 14 మి.మీ. అనుకుంటే మిల్లీమీటరుకి 0.125 పెరుగుదల. పక్కకి రెట్టింపు, అంటే మిల్లీమీటరుకి 0.25 మసక. అర పవర్ (0.50) మసక దాకా కన్ను ఓర్చుకుంటుందనుకుంటే అటు 2, ఇటు 2, మొత్తం 4 మి.మీ. వెడల్పు దారి. పెన్సిల్ కంటే సన్నం!

యాడ్ 1.00 ఉన్నవాళ్లకి ఇదే లెక్కలో 7 మి.మీ. వస్తుంది. 2.50 ఉన్నవాళ్లకి 2.8. అంటే చత్వారం మొదట్లోనే వేసుకుంటే సులువుగా అలవాటయ్యేదన్నమాట. నేను రెండేళ్లు అద్దాలు నెత్తిన పెట్టుకుని తిరిగి మూడు మిల్లీమీటర్లు పోగొట్టుకున్నాను.

---

ఆప్టో_అమ్మాయి · జూన్ 23, రాత్రి 10:20

లెక్క సరిపోయిందండీ. నిజం అద్దంలో పైనా కిందా కొంచెం వెడల్పవుతుంది, నడుము దగ్గర మాత్రం మీరు వేసినట్టే సన్నంగా ఉంటుంది. చదివేటప్పుడు కళ్లు ముక్కు వైపు దగ్గరవుతాయి కాబట్టి అడుగు భాగాన్ని లోపలికి రెండున్నర మి.మీ. దాకా జరిపి చేస్తారు. అందుకే కుడి ఎడమ అద్దాలు ఒకదాని స్థానంలో ఒకటి పనికిరావు.

నలభై దాటగానే మొదలుపెట్టమని మేం చెప్పేది ఈ లెక్క వల్లే. కానీ మన దగ్గర చత్వారం అన్న మాటలోనే నలభై ఉన్నా, దాన్ని యాభై దాకా ఎవరూ ఒప్పుకోరు.

---

టైలర్_వెంకన్న (కరీంనగర్) · జూన్ 24, మధ్యాహ్నం 2:15

అందరికి నమస్తే. నేను గూడ అడగొచ్చునా? నాకు 56. దూరం మంచిగనే కనిపిస్తది, దగ్గరిదే అగుపడ్తలేదు. 2018ల కంటి వెలుగు క్యాంపు మా ఊరికి వచ్చినప్పుడు చదివే అద్దాలు ఇచ్చిన్రు, అప్పుడు సూదిల దారం మంచిగ ఎక్కిచ్చిన. ఇప్పుడు అవి పెట్టుకున్నా ఎక్కుత లేదు. మిషిన్ మీద కూసుంటే ఒక తీరు, కట్టింగ్ బల్ల కాడ నిలవడితే ఒక తీరు. బల్ల కాడ ఆ అద్దాలతోని చాక్‌పీసు గీత మసకగ కొడ్తది, తీస్తే అస్సలే కనవడది. రోజుకు నూరు సార్లు తీసుడు పెట్టుడు. నాకు గీ ప్రోగ్రెసివ్ పనికొస్తదా? అంత పైసల్ పెట్టే తాకత్ లేదు.

---

మోడరేటర్ · జూన్ 24, మధ్యాహ్నం 3:00

ఒక సభ్యుడు షాపు పేరు రాసి తిట్టిన రెండు వ్యాఖ్యలు తీసేశాను. పేర్లు వద్దు, సంగతి చెప్పుకోండి.

---

లెక్కల_టీచర్ · జూన్ 24, రాత్రి 9:10

కొలిచేశాను! నిన్న రాత్రి గంటన్నర పట్టింది. గుర్తులు దొరకడం మా అబ్బాయి ఫోను టార్చి పుణ్యం. చెవి వైపు 17 అని ఉంది, అంటే 1.75. దాని కిందా పైనా వెతుకుతుంటే మా వారు "వజ్రాలు కొంటున్నావా ఏంటి?" అన్నారు. సంకేతం అన్నకి విడిగా పంపాను. చార్టు ప్రకారం క్రాస్ 4 పైకే, నాది 14 కారిడార్, కనుపాప నుంచి కింది అంచుకి కనీసం 18 కావాల్సిన రకం అని చెప్పారు.

ఫోటోలో తేలింది ఇదీ. ముక్కు మధ్య నుంచి నా కుడి కనుపాప 32.5, ఎడమది 29.5. కలిపితే 62, చీటీలో అంకె సరైనదే! కానీ అద్దాల్లో రెండు క్రాసులూ 31 దగ్గరే ఉన్నాయి. కుడి కంటికి దారి ఒకటిన్నర మి.మీ. ముక్కు వైపుంది, ఎడమ కంటికి ఒకటిన్నర చెవి వైపుంది. అంటే రెండూ నా ఎడమకే జరిగాయి. నిటారుగా చూస్తే కుడి పక్క నాకు మిగిలిన దారి అర మిల్లీమీటరు. తల కుడికి తిప్పితే కళ్లు ఎడమకి వస్తాయి, దారి దొరుకుతుంది. నేను అలిగింది అందుకు!

ఇక ఎత్తు. కనుపాప నుంచి ఫ్రేము కింది అంచుకి 16. అందులో కారిడారే 14 తినేస్తే చదివే భాగం రెండంటే రెండు మిల్లీమీటర్లు మిగిలింది. మిగతాది ఆ షాపు చెత్తబుట్టలో పడి ఉంటుంది. దానికీ నేను డబ్బు కట్టాను.

---

అద్దాల_అన్న · జూన్ 24, రాత్రి 9:45

మేడమ్, మా దగ్గర పనికి చేరతారా? మా కుర్రాళ్లకి ఇది నేర్పడానికి ఆరు నెలలు పడుతుంది.

షాపుకి వెళ్లి గొడవ పడకండి. అద్దాల మీద చుక్కలు అలాగే ఉంచి, పెట్టుకుని, వాళ్ల అద్దం ముందే నిలబడండి. ఇంకేం చెప్పక్కర్లేదు. కుదరని ప్రోగ్రెసివ్ ని గడువు లోపల ఒకసారి మార్చి ఇచ్చే పద్ధతి చాలా అద్దాల కంపెనీలకి ఉంది, షాపుకి పెద్ద నష్టం ఉండదు. బిల్లు వెనకాల చూడండి, గడువు నెల నుంచి రెండు నెలల మధ్య ఉంటుంది సాధారణంగా. అందుకే "నెల ఆగండి" అనే మాటని నేను ఒప్పుకోను. రెండు వారాలు చాలు.

ఈ ఫ్రేముకే పొట్టి కారిడార్ అద్దం, 11 మి.మీ.ది వేస్తామంటారేమో. వేయొచ్చు, కానీ మీ లెక్క మీరే వేసుకోండి, దారి ఎంతవుతుందో. నా సలహా ఫ్రేము మార్చమని. కనుపాప కింద 20 పైన ఉండాలి. ముక్కు ప్యాడ్లు విడిగా ఉండే ఫ్రేమయితే తర్వాత ఎత్తు సర్దుకోవచ్చు. కింది అంచు బుగ్గ వైపుకి కొంచెం వాలి ఉండాలి, అద్దం కంటికి దగ్గరగా కూర్చోవాలి. కిటికీకి దగ్గరగా నిలబడితే వీధి ఎక్కువ కనిపిస్తుంది కదా, అదే ఇదీ.

---

లెక్కల_టీచర్ · జూన్ 24, రాత్రి 9:58

11కి దారి 3.1 మి.మీ. వద్దు, ఫ్రేమే మారుస్తాను. ముచ్చటకి ముక్కుతాడు వేశారు.

---

రిటైర్డ్_క్యాషియర్ · జూన్ 25, ఉదయం 6:20

చదివాను మొత్తం. ఒకటిన్నర మిల్లీమీటరు తేడాకి మనిషి తల వంకర పోయే వస్తువుని మంచి వస్తువని ఎలా అంటారు నాయనా? నా డి బైఫోకల్ ని బస్టాండు పక్కన సందులో కోయించినా కనిపిస్తుంది.

ఇంకో సంగతి. మా మేనత్తకి 78, పిల్లలు ప్రేమతో ప్రోగ్రెసివ్ వేయించారు. గుడి మెట్ల మీద కాలు తప్పింది. తుంటి ఎముక.

---

ఆప్టో_అమ్మాయి · జూన్ 25, ఉదయం 8:05

బాబాయ్ గారూ, ఈ రెండో మాట మీతో వాదించను. నడిచేటప్పుడు కాళ్ల దగ్గరి నేల ఒకటిన్నర మీటర్ల దూరం ఉంటుంది. అద్దం అడుగు భాగం పుస్తకం పట్టుకునే దూరానికి చేసినది. దాంట్లోంచి చూస్తే మెట్టు అంచు చెదిరిపోతుంది. టీచర్ గారు రాసిన "నీళ్లలో ఊగడం" అదే. గడ్డం ఛాతీకి ఆనించినట్టు తల వంచి, పై భాగంలోంచి మెట్టు చూడాలి, కళ్లని మాత్రం వంచితే సరిపోదు. 47లో ఇది వారంలో వంటబడుతుంది. 78లో కొత్తగా నేర్చుకోమనకూడదు. బయట తిరిగే పెద్దవాళ్లకి దూరానికి ఒక జత, చదువుకి ఒక జత అని నేను స్పష్టంగా చెప్పేస్తాను. కాకపోతే ఈ మెట్ల ప్రమాదం మీ బైఫోకల్ కీ ఉందండీ. మీరు ఇరవై ఆరేళ్లలో తల వంచడం తెలియకుండానే నేర్చేసుకున్నారు, గీత దాటేటప్పుడు బొమ్మ గెంతడం కూడా మీకు తెలియడం మానేసింది.

ఇంకొకటి. ఒక మీటరు లోపల, పుస్తకం పట్టుకునే దూరానికి అవతల ఉన్నవాటికి మీకు ఏ అద్దముంది? వంటింటి గట్టు, కంప్యూటరు తెర?

---

రిటైర్డ్_క్యాషియర్ · జూన్ 25, ఉదయం 8:40

వంటింటి గట్టు మా ఆవిడ శాఖ. కంప్యూటరు చూడటానికి మెడ ఎత్తుతాను, అందుకే మెడనొప్పి అని డాక్టరు అన్నాడు. ఆ సంగతి నీకెలా తెలిసింది?

---

మాత్రలమ్మ (నెల్లూరు) · జూన్ 25, మధ్యాహ్నం 1:30

మెడ ఎత్తడమంటే నేను కదా చెప్పాలి. మాకు మందుల షాపు. పై అరలో స్ట్రిప్పుల మీద పేర్లు చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటాయి. ప్రోగ్రెసివ్ లో పైకి చూస్తే దూరం భాగం తగులుతుంది, మసక. స్టూలెక్కి గడ్డం ఇంకా ఎత్తితే పడబోయాను. పైన కూడా దగ్గర చూపు ఉండే అద్దం ఏదైనా ఉందా?

---

అద్దాల_అన్న · జూన్ 25, రాత్రి 7:50

ఉందమ్మా. డబుల్ డి అంటారు. కింద ఒక డి, పైన ఒక డి, నడుమ దూరం. తల పైకెత్తి పనిచేసే ఎలక్ట్రీషియన్ల కోసం వాడేవి. ఇప్పుడు అడిగేవాళ్లు తక్కువ, ఆర్డర్ ఇచ్చి తెప్పించాలి. లేదంటే షాపులో ఉన్నంతసేపూ పూర్తి దగ్గర చూపు అద్దం ఒకటి మెడలో తాడుకి వేలాడేసుకోండి. రెండోది చవక.

---

ప్లానో_ప్రసాద్ · జూన్ 26, ఉదయం 7:30

నేను చేసిన తప్పు ఇప్పుడు అర్థమైంది. ఇక్కడ కంటి డాక్టరు పరీక్ష అయ్యాక చీటీ చేతికి ఇచ్చి తీరాలి, ఫెడరల్ నిబంధన ఉంది. కానీ కనుపాపల దూరం దాంట్లో రాయాలని ఆ నిబంధనలో లేదు. నేను ఫోను యాప్ తో కొలుచుకున్నాను. ఎత్తు ఎవరూ అడగనే లేదు. ఫ్రేము నా మొహం మీద ఎక్కడ కూర్చుంటుందో తెలియకుండా కోసి పంపారన్నమాట.

డిసెంబర్ లో ఇండియా వస్తున్నాను. మా వాళ్లందరూ వచ్చినప్పుడల్లా నాలుగైదు జతలు చేయించుకుని పోతారు. నేనూ చేయించుకోనా?

---

అద్దాల_అన్న · జూన్ 26, ఉదయం 9:15

చేయించుకోండి ప్రసాద్ గారూ, కానీ దిగిన రోజే రండి, ఫ్లైట్ ముందు రోజు కాదు. ప్రోగ్రెసివ్ ల్యాబ్ నుంచి రావడానికి వారం పడుతుంది, పెట్టుకుని తిరిగి సర్దించుకోవడానికి ఇంకో వారం. ప్రతి డిసెంబరులో సూటుకేసుతో వచ్చి "రేపు సాయంత్రానికి ఇవ్వండి" అనేవాళ్లు ఉంటారు.

మీ ఊరి పేరు చూసినప్పుడల్లా నవ్వొస్తుంది. మా అద్దాల భాషలో ప్లానో అంటే సున్నా పవర్.

రెండు మానిటర్ల పనికి మాత్రం ప్రోగ్రెసివ్ ఒక్కటే చాలదు. ఆఫీస్ లెన్సు అని ఉంటుంది, 40 సెంటీమీటర్ల నుంచి రెండు మీటర్ల దాకా చూపిస్తుంది, దూరం వదిలేస్తుంది కాబట్టి దారి చాలా వెడల్పు. అది పెట్టుకుని కారు నడపకూడదు. ఒక్క జతతో అన్ని పనులూ చేద్దామనుకోవడం దగ్గరే సగం ఫిర్యాదులు పుడతాయి.

---

గోదారి_గట్టు (నరసాపురం) · జూన్ 27, సాయంత్రం 6:00

మా నాన్నగారికి వారం క్రితం ఒక కంటికి శుక్లం ఆపరేషన్ అయింది. ప్రోగ్రెసివ్ ఇప్పుడే వేయించవచ్చా? ఆయనకి సుగర్ కూడా ఉంది.

---

ఆప్టో_అమ్మాయి · జూన్ 27, రాత్రి 8:12

ఇప్పుడే వద్దండీ. కన్ను కుదుటపడి పవర్ నిలకడకి రావడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. రెండో కన్ను కూడా చేయించే ఉద్దేశం ఉంటే అదీ అయ్యాకే ఖరీదైన అద్దం. ఈలోపు దగ్గర చూపుకి మామూలు రెడీమేడ్ అద్దం వాడుకోవచ్చా అని ఆపరేషన్ చేసిన డాక్టర్ గారిని అడగండి. సుగర్ బాగా పెరిగి తగ్గుతున్న రోజుల్లో పవర్ కూడా మారిపోతుంటుంది, అది అదుపులో ఉన్న వారం చూసి టెస్టు చేయించండి.

---

లెక్కల_టీచర్ · జూలై 19, రాత్రి 9:30

ఆలస్యంగా చెబుతున్నందుకు ఏమీ అనుకోకండి, యూనిట్ పరీక్షలు.

చుక్కలతో వెళ్లాను. కౌంటర్ కుర్రాడు చూసి లోపలికి వెళ్లి యజమానిని పిలుచుకొచ్చాడు. ఆయన రెండు నిమిషాలు చూసి "ఎవరు పెట్టారమ్మా ఈ చుక్కలు?" అన్నారు. నేనే అన్నాను. తర్వాత మాట్లాడలేదు. కొత్త ఫ్రేముకి తేడా 900 తీసుకున్నారు, అద్దాలు ఉచితంగా మార్చారు. ఈసారి కళ్ల దూరం మిషన్లో చూశారు, 32.5, 29.5 వచ్చాయి. నా స్కేలు గెలిచింది. కనుపాప కింద 21.

పెట్టుకుని పన్నెండు రోజులైంది. తల నిటారుగా ఉంది. హాజరు పట్టీ గడ్డం ఎత్తకుండా చదువుతున్నాను. మొదటి నాలుగు రోజులు సాయంత్రానికి కణతలు లాగాయి, పాత అద్దాలు బీరువాలో పెట్టి తాళం వేశాను. క్లాసులో చివరి బెంచీ మూల నుంచి ఎవరో మాట్లాడితే ముక్కుతో సహా అటు తిరగాలి. దానివల్ల ఒక లాభం, ఇప్పుడు అందరికీ నేను ఎవరివైపు చూస్తున్నానో తెలిసిపోతోంది, అల్లరి తగ్గింది.

పడుకుని పుస్తకం చదవడం మాత్రం కుదరట్లేదు. రాత్రి వంద పేపర్లు దిద్దాల్సినప్పుడు కూడా కష్టమే, పేపరు ఈ చివర నుంచి ఆ చివరికి మెడ తిప్పాలి. దానికి 600 పెట్టి విడిగా ఒక చదువు జత చేయించుకున్నాను. ఓడిపోయినట్టు కాదు కదా?

---

రిటైర్డ్_క్యాషియర్ · జూలై 20, ఉదయం 6:05

కాదు అమ్మాయ్. నేనూ ఒకటి చేయించుకున్నాను, కంప్యూటరు దూరానికి. మెడ తగ్గింది. బైఫోకల్ మాత్రం మార్చను.

---

అద్దాల_అన్న · జూలై 20, రాత్రి 8:20

టీచర్ గారికి సంతోషం. వెంకన్నా, నీ ప్రశ్న మధ్యలో కొట్టుకుపోయింది, ఏమనుకోకు. నీకు దూరం బాగుంది కాబట్టి ప్రోగ్రెసివ్ కి డబ్బు తగలెయ్యక్కర్లేదు. ముందు కంటి పరీక్ష చేయించు. అరవై దాకా చత్వారం పెరుగుతూనే ఉంటుంది, 2018 నాటి పవర్ ఇప్పుడు చాలదు. మిషన్ మీద కూర్చుంటే కంటికీ సూదికీ ఎంత దూరం? బల్ల దగ్గర నిలబడితే గుడ్డకి ఎంత? ఆ రెండూ కొలిచి చెప్పగలవా?

---

టైలర్_వెంకన్న · జూలై 20, రాత్రి 8:26

టేపు మెడలనే ఉంటది అన్నా. సూదికి పద్నాలుగున్నర ఇంచులు. బల్లకు ఇరవై ఆరు.

---

అద్దాల_అన్న · జూలై 20, రాత్రి 8:50

అంటే 37 సెంటీమీటర్లు, 66 సెంటీమీటర్లు. డి బైఫోకల్ చేయించుకో. కానీ పైన దూరం పవర్ పెట్టనివ్వకు, పైన కట్టింగ్ బల్ల పవర్, కింది డి లో సూది పవర్. టెస్టు చేసేవాళ్లకి ఈ రెండు కొలతలూ కాగితం మీద రాసి ఇవ్వు, ఎంత పెట్టాలో వాళ్లు చూస్తారు. డి గీత మామూలు కంటే రెండు మిల్లీమీటర్లు పైకి పెట్టమను, నువ్వు తల వంచే పనిచేస్తావు. బయటికి పోయేటప్పుడు తీసెయ్యాలి, దాంతో బండి నడపకూడదు.

---

టైలర్_వెంకన్న · జూలై 20, రాత్రి 8:57

గట్లనే జేస్త. చుక్క పెట్టుడు మర్చిపోతే నేనే చాక్‌పీసుతోని పెడ్త.